చిన్న డీజిల్ క్రాసోవర్, బేస్ వేరియంట్: 1,500 ఆర్‌పీఎం కింద కదలదు, పైన ఆగదు. నడిపే పద్ధతి చెప్పండి

కొత్తచక్రం

అందరికీ నమస్తే. పదకొండేళ్లు ఒకే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నడిపాను. మూడు వారాల క్రితం మొదటిసారి డీజిల్‌కి మారాను. చిన్న క్రాసోవర్, 1.5 లీటర్ల ఇంజిన్, 90 హార్స్‌పవర్, 220 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), ఐదు గేర్ల మాన్యువల్. వేరియంట్లలో అన్నిటికన్నా కిందిది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు పెట్టగానే చర్చ ఆ కంపెనీ మంచిదా కాదా అనే దగ్గరికి పోతుంది. నాకు కావాల్సింది దీన్ని ఎలా నడపాలన్నది.

ఇప్పటికి 940 కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద చాలా బాగుంది. ఐదో గేరులో 100 మీద వెళ్తుంటే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) ముల్లు 2,100 దగ్గర నిలబడి ఉంటుంది, ఎత్తు వచ్చినా గేరు మార్చమని అడగదు. ట్రాఫిక్‌లోకి రాగానే మాత్రం వేరే బండి ఎక్కినట్టుంది.

మొదటిది, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు ఇంజిన్ ఆగిపోతోంది. తొలి వారంలోనే నాలుగుసార్లు. రెండోది, అసలు బాధ ఇదే. మలుపు దగ్గర వేగం తగ్గించి, రెండో గేరులో తిరిగి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ జరగదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు బండి మూలుగుతుంది. మూడు అనేసరికి వెనక నుంచి ఎవరో తోసినట్టు దూసుకుపోతుంది. మొన్న అలాగే దూసుకెళ్లి ముందున్న వ్యాన్ వెనక గట్టిగా బ్రేకు కొట్టాల్సి వచ్చింది. పక్కన అమ్మ కూర్చుని ఉంది. డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించుకుంది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. అప్పట్నుంచి ఆ మలుపు వస్తోందంటే నాకే గుబులుగా ఉంది.

ఇంకోటి, పాత బండితో పోలిస్తే మలుపుల్లో పక్కకి బాగా ఒరుగుతోంది. ఇదంతా బండి తత్వమా, నా చేతిలో లోపమా?

మూడోగేరు

ఒక్క ప్రశ్న. ఆ మలుపు తిరిగి మళ్లీ తొక్కే క్షణంలో ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుంటోంది? రేపు చూసి చెప్పండి. మీకు గుర్తున్నది కాదు, చూసి చెప్పండి.

కొత్తచక్రం

చూశాను. 1,100 నుంచి 1,200 మధ్య. వేగం 17, 18 ఉంటుంది.

మూడోగేరు

అనుకున్నదే. బండిలో లోపం లేదు. పదకొండేళ్ల పెట్రోల్ అలవాటు ఇంకా మీ కాలిలో ఉంది.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నింపే పంపు) లేని పెట్రోల్ ఇంజిన్ 1,200 దగ్గర తొక్కినా ఎంతో కొంత కదులుతుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బలమూ నింపాదిగా పెరుగుతుంది. చిన్న డీజిల్ అలా కాదు. 1.5 లీటర్ల ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలితో పెద్దగా ఏమీ రాదు. మీ 220 న్యూటన్ మీటర్లు టర్బో గాలి నింపితేనే వస్తాయి. టర్బో తిరగాలంటే సైలెన్సర్ వైపు పోయే వేడి వాయువు కావాలి. ఆ వాయువు రావాలంటే ఎక్కువ డీజిల్ మండాలి. ఎక్కువ మండాలంటే గాలి కావాలి, ఆ గాలి మళ్లీ టర్బోయే ఇవ్వాలి. ఈ చక్రం ఒకసారి అందుకునేదాకా పట్టే సమయమే మీరు లెక్కపెట్టే ఒకటి, రెండు.

దూసుకుపోవడానికి కారణం ఇంకోటుంది. బండి కదలడం లేదని మీ కాలు ఆ రెండు సెకన్లలో కిందిదాకా నొక్కేసి ఉంటుంది. టర్బో అందుకునే క్షణానికి ఇంజిన్‌కి అందిన ఆజ్ఞ "ఉన్నదంతా ఇవ్వు" అని. అది ఇచ్చింది. వ్యాన్ వెనక బ్రేకు అందుకే.

మీ బండి ఐదో గేరులో 100 కి 2,100 అన్నారు కదా, దాన్నిబట్టి మిగతా గేర్లు కూడా ఇంచుమించు చెప్పొచ్చు. రెండో గేరుకి 25, మూడో గేరుకి 40, నాలుగో గేరుకి 60, ఐదో గేరుకి 80. ఈ వేగాల దగ్గర ముల్లు 1,700 పరిసరాల్లో ఉంటుంది. అంతకన్నా కింద ఉన్నప్పుడు ఆ గేరులో బలం అడక్కండి. నెమ్మదిగా దొర్లడానికైతే ఫర్వాలేదు, బలం మాత్రం అడక్కండి.

ఆ మలుపులో రెండే దారులు. చోటు బాగుంటే 25 మీద రెండో గేరులో తిరగండి. చూపు ఆనని మలుపైతే, వేగం 12, 13 కి పడిపోయాక మొదటి గేరు వేసుకోండి. పెట్రోల్ బండిలో కదులుతూ మొదటి గేరు వేయడం తప్పు అన్నట్టు మనకి నేర్పుతారు. ఈ బండిలో అది అవసరం. ఇక కాలు సంగతి: పెడల్‌ని మూడో వంతు దాకా తొక్కి అక్కడే ఆపండి. బలం వచ్చాకే మిగతాది.

లెక్కలమాస్టారు

మూడోగేరు గారు చెప్పినదానికి అంకెలు కలుపుతాను, ఎందుకంటే ఈ అంకెలు చూశాకే నా చెయ్యి మారింది.

టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9,549 తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1,750 దగ్గర 220 న్యూటన్ మీటర్లంటే 40 కిలోవాట్లు, అంటే 55 హార్స్‌పవర్. అదే 1,200 దగ్గర టర్బో ఇంకా లేవక సగం టార్కే ఉందనుకోండి, 110. అప్పుడు వచ్చేది 19 హార్స్‌పవర్. ముల్లు కదిలింది 550 ఆర్‌పీఎం, చేతికందే బలం దాదాపు మూడింతలు. మీరు భయపడిన ఆ తోపు ఇదే.

ఇప్పుడు పై చివర చూడండి. 90 హార్స్‌పవర్ వచ్చేది 4,000 దగ్గర. అక్కడ టార్క్ 158 కి పడిపోయి ఉంటుంది. 3,000 దగ్గర టార్క్ 200 ఉందనుకుంటే అప్పటికే 85 హార్స్‌పవర్ వచ్చేసింది. ఆ పైన వెయ్యి ఆర్‌పీఎం గుంజితే దక్కేది ఐదు. మిగిలేది చప్పుడే. పెట్రోల్‌లో 5,000 దాకా లాగినట్టు దీన్ని లాగకండి. 2,600 దగ్గర పై గేరు వేయండి, సరిగ్గా టర్బో లేచే చోటే మళ్లీ దిగుతుంది.

ఈ తరహా ఇంజిన్లకి మంచి ఉదాహరణ రెనో 1,461 సీసీ డీజిల్. 2001 నుంచి తయారైంది. రెనో కాప్చర్‌లో, నిస్సాన్ జూక్‌లో, డాసియా డస్టర్‌లో, ఆఖరికి మెర్సిడెస్ ఏ క్లాస్‌లో కూడా అదే ఇంజిన్ వేర్వేరు బలాలతో వచ్చింది. కాప్చర్‌లో 90 హార్స్‌పవర్ దానికి 220 న్యూటన్ మీటర్లు 1,750 దగ్గర. ప్యూజో 2008 లో 1.6 లీటర్ల 100 హార్స్‌పవర్ డీజిల్‌కి 254, అదీ 1,750 దగ్గరే. మాజ్దా సీఎక్స్-3 లో 1.5 లీటర్ల దానికి 105 హార్స్‌పవర్, 270 న్యూటన్ మీటర్లు, 1,600 నుంచి. హోండా హెచ్‌ఆర్‌-వీ 1.6 డీజిల్ 120 హార్స్‌పవర్‌తో 300 ఇచ్చేది, కానీ 2,000 దగ్గర. పేరేదైనా కథ ఒకటే. బ్రోషర్‌లో ముందు చూడాల్సింది హార్స్‌పవర్ కాదు, టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుందన్నది.

స్పానర్

నేను ఇరవై ఏళ్లుగా షెడ్డులో పనిచేస్తున్నాను. సిగ్నల్ దగ్గర ఆగిపోయే సంగతి నేను చెప్తాను.

పెట్రోల్ నుంచి వచ్చినవాళ్లంతా క్లచ్ తొందరగా వదిలేస్తారు. పెట్రోల్ ఇంజిన్ అదే సమయంలో చురుగ్గా ఆర్‌పీఎం పెంచుకుంటుంది కాబట్టి సరిపోతుంది. డీజిల్ పెంచుకోదు, బరువైన ఫ్లైవీల్ (ఇంజిన్ చివరుండే బరువు చక్రం) తిప్పుకుంటూ నెమ్మదిగా లేస్తుంది. ఒక పని చేయండి. ఖాళీ మైదానంలో, చదునుగా ఉన్న చోట, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కదానితో బండి కదిలించండి. బాగా నెమ్మదిగా వదలండి. ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేస్తుంది. ఆ చోటే కాలుని పట్టి ఉంచండి, బండి తనంతట తానే దొర్లుతుంది. ఇరవైసార్లు చేయండి. ఆ చోటు మీ మడమకి తెలిసిపోవాలి. సిగ్నల్ దగ్గర దానికి 1,300, 1,400 ఆర్‌పీఎం కలిపితే చాలు. ఎత్తు మీదైతే 1,600, హ్యాండ్ బ్రేకు పట్టుకుని.

హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు మాత్రం ఉంచుకోకండి. ఈ టార్కుకి ప్లేటు కాలిపోతుంది, వాసన కూడా వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నా. పై గేరులో 1,100 దగ్గర పెడల్ కిందిదాకా తొక్కి ముక్కిస్తూ నడిపే బండ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. మైలేజీ కోసం అంటారు. అక్కడ గాలి చాలదు కాబట్టి మసి ఎక్కువ కక్కుతుంది. ఆ కుదుపులన్నీ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అంటే రెండు ముక్కల ఫ్లైవీల్, మధ్యనున్న స్ప్రింగులు మోస్తాయి. ఆ ఫ్లైవీల్ పోతే ఖర్చు చిన్నది కాదు. మూలుగు వినబడితే గేరు తగ్గించండి. మిగిలేది మీకే.

పెట్రోల్‌పక్షం

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, కానీ చెప్పాలి. నాలుగేళ్లు ఇలాంటి డీజిలే నడిపి పెట్రోల్‌కి తిరిగి వచ్చాను. ఒకటి, రెండు లెక్కపెట్టి, ఏ గేరుకి ఎంత వేగమో గుర్తుపెట్టుకుని, కాలు మూడో వంతు దగ్గర ఆపి... ఇంత నేర్చుకోవాల్సి రావడమే ఆ బండి ట్రాఫిక్‌కి సరిపడదని చెప్పడం కాదా?

90 హార్స్‌పవర్ డీజిల్ క్రాసోవర్ సున్నా నుంచి 100 కి చేరడానికి పదమూడు సెకన్ల దాకా తీసుకుంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ వేస్తే టకటకమని చప్పుడు. ముందు భాగం బరువు. ఇప్పుడు 1.0, 1.2 లీటర్ల టర్బో పెట్రోళ్లు కూడా 1,500, 1,750 దగ్గరే టార్క్ ఇస్తున్నాయి, డీజిల్‌కి మాత్రమే ఉన్న బలం అంటూ పెద్దగా మిగల్లేదు. రోజూ ఎనిమిది, పది కిలోమీటర్లు తిరిగేవాళ్లు దయచేసి ఆలోచించండి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే నా బాధ.

దూరప్రయాణం

@పెట్రోల్‌పక్షం గారూ, ట్రాఫిక్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. హైవే సంగతి మాత్రం ఒప్పుకోలేను.

నేను నెలకి రెండుసార్లు ఒక్కదాన్నే 400 కిలోమీటర్లు పైన వెళ్లొస్తాను. సున్నా నుంచి 100 ఎవరికి కావాలి? రోడ్డు మీద కావాల్సింది 80 నుంచి 110. లారీ వెనక 80 మీద ఉన్నప్పుడు నాలుగో గేరు వేస్తే ముల్లు 2,200 దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి 3,000 దాకా ఒకే ఊపులో వెళ్తుంది, మధ్యలో గేరు మార్చక్కర్లేదు. మూడో గేరు వేశారో 3,300 దగ్గర మొదలవుతుంది, సగం దాటేసరికే ఊపు అయిపోయి, సరిగ్గా లారీ పక్కన ఉన్నప్పుడు గేరు మార్చాల్సి వస్తుంది. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. ఎదురుగా బస్సు లైట్లు పెద్దవవుతుంటే గేరు రాడ్డు నాలుగులో పడలేదు. న్యూట్రల్‌లో ఇంజిన్ అరిచింది, బండి ఊపు తగ్గింది. వెనక్కి తగ్గి మళ్లీ లారీ వెనక్కే వచ్చాను. ఆ రోజు నుంచి ఓవర్‌టేక్ అంటే ముందే నాలుగో గేరు, ముందే టర్బో లేచి ఉండాలి, అప్పుడే ఇండికేటర్.

అలసట కూడా లెక్కలోకి తీసుకోండి. 2,100 మీద నాలుగు గంటలు కూర్చోవడం వేరు, 3,000 మీద కూర్చోవడం వేరు. దిగాక చెవుల్లో తేడా తెలుస్తుంది. డీజిల్ లీటరులో పెట్రోల్ లీటరు కంటే పది శాతం పైగా ఎక్కువ శక్తి ఉంటుంది, దానికి తోడు 15, 16 రెట్లు గాలిని కుదించి మండించే ఇంజిన్ ఆ శక్తిని ఎక్కువ వాడుకుంటుంది. ట్యాంకు నింపితే బంకు మాట మర్చిపోతాను.

ఘాట్‌రోడ్డు

ఎక్కడం గురించి అందరూ చెబుతున్నారు, దిగడం ఎవరూ చెప్పలేదు. పెట్రోల్ నుంచి వచ్చేవాళ్లు నిజంగా తెలుసుకోవాల్సింది అక్కడే.

"ఎక్కిన గేరులోనే దిగు" అని పెద్దలు నేర్పారు. చిన్న డీజిల్‌కి ఆ మాట చాలదు. ఎక్కేటప్పుడు టార్క్ ఉంది కాబట్టి మూడో గేరులో హాయిగా ఎక్కేస్తాం. దిగేటప్పుడు అదే మూడో గేరు బండిని పట్టి ఉంచదు. కారణం చెప్తాను. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీయగానే గాలి వచ్చే దారి మూసుకుపోతుంది, పిస్టన్లు ఆ మూసిన దారి నుంచి గాలి లాగలేక లాగుతూ బండిని ఆపుతాయి. డీజిల్‌లో గాలి దారి అలా మూసుకోదు. కుదించిన గాలి మళ్లీ స్ప్రింగులాగా పిస్టన్‌ని కిందికి తోసేస్తుంది. అందుకే అదే ఆర్‌పీఎం దగ్గర డీజిల్ ఇంజిన్ బ్రేకింగ్ తక్కువ. లారీలకి విడిగా ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టేది దీనికే.

కాబట్టి మూడులో ఎక్కితే రెండులో దిగండి. ముల్లు 3,000 దాటినా కంగారుపడకండి, ఆ సమయంలో ఇంజక్టర్లు చుక్క కూడా పోయవు, అది ఉత్తినే తిరుగుతోంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. మలుపు ముందు గట్టిగా ఒకసారి, తర్వాత పూర్తిగా వదిలేయండి. డిస్కులకి చల్లారే సమయం దొరకాలి.

న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందనే మాట ఇప్పటికీ వింటున్నాను. అది తప్పు, ప్రమాదం కూడా. గేరులో దిగితే ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది.

కొత్తచక్రం

@ఘాట్‌రోడ్డు అన్నా, సరిగ్గా వచ్చే నెల కొండెక్కాలి. ఇది చదవకపోతే మూడులోనే దిగేవాణ్ని.

@స్పానర్ అన్నా, ఆదివారం ఆరు గంటలకే ఖాళీ మైదానానికి వెళ్లాను. ఇరవై కాదు, ముప్పైకి పైగా చేశాను. మొదటి పదిసార్లలో మూడుసార్లు ఆగిపోయింది. పన్నెండో పదమూడో సారికి మీరన్న ఆ బరువు చప్పుడు వినబడింది. ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం, తర్వాత చక్రం కింద గులకరాయి చిట్లిన చప్పుడు. అదే కదలిక అని అర్థమైంది. అప్పట్నుంచి కాలు వెతుక్కోనక్కర్లేకుండా అక్కడికే పోతోంది. ఈ వారం సిగ్నళ్ల దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు.

ఒరగడం గురించి ఎవరైనా చెప్తారా?

వెనకసీటు

ఒరగడం నేను చెప్తాను, మా ఇంట్లో నేనే ఎక్కువగా వెనక కూర్చునేది.

క్రాసోవర్ అంటే హ్యాచ్‌బ్యాక్ ప్లాట్‌ఫామ్ మీదే ఎత్తుగా కట్టిన బండి. పైకప్పు పది సెంటీమీటర్లు పైన, సీట్లు పైన, ఇంజిన్ పైన. బరువు కేంద్రం పైకి పోయింది. ఒరగకుండా చేయాలంటే స్ప్రింగులూ, ఒరుగుడుని ఆపే యాంటీ రోల్ బార్లూ గట్టివి పెట్టాలి, అప్పుడు ప్రతి గుంతా వెన్నుకి తగులుతుంది. వెనక రెండు చక్రాల్నీ కలిపే టోర్షన్ బీమ్ ఉంటే ఒక చక్రం గుంతలో పడ్డ కుదుపు కొంత రెండో వైపుకీ వస్తుంది. మెత్తగా వదిలేసిన బండ్లలో కుటుంబం హాయిగా కూర్చుంటుంది, మలుపులో కొద్దిగా ఒరుగుతుంది. నాకైతే రెండోదే నయం.

ఒరగడం, జారిపోవడం ఒకటి కాదు. అది మొదట అర్థం చేసుకోండి. బండి ఒక పక్కకి వాలి అక్కడ నిలబడిందంటే పట్టు ఉన్నట్టే. వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో తిప్పేది వాలడం వల్ల కాదు, హఠాత్తుగా వాలడం వల్ల. బ్రేకు వేస్తూనే స్టీరింగ్ తిప్పితే ముక్కు కిందికీ పక్కకీ ఒకేసారి పడుతుంది. డీజిల్ ఇంజిన్ బరువు ముందే ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ. బ్రేకు పని తిన్నగా ఉన్నప్పుడే ముగించండి, పూర్తిగా వదిలాక స్టీరింగ్ ఒక్కసారి నెమ్మదిగా తిప్పి అక్కడే పట్టుకోండి. మధ్యలో సర్దుబాట్లు వద్దు. మా నాన్న ఇలాగే నడుపుతారు. మలుపుల రోడ్డు మీద కూడా నేను వెనక సీట్లో పుస్తకం చదువుకుంటాను.

బేస్ వేరియంట్ అని చిన్నబోకండి. పై వేరియంట్‌కి 205/55 ఆర్17 టైర్లు వస్తే, మీకు 205/60 ఆర్16 వచ్చి ఉంటాయి. టైరు గోడ ఎత్తు వాళ్లది 113 మిల్లీమీటర్లు, మీది 123. ఆ సెంటీమీటరు రబ్బరే గుంతల్లో మీ వెన్ను కాపాడుతుంది. రిమ్ అందం కోసం దాన్ని మార్చుకోకండి.

చిన్నదారి

పెట్రోల్‌పక్షం గారు పైపైన చెప్పి వదిలేసిన విషయం ఒకటుంది. నాకు జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నాదీ ఇలాంటి బండే, కంపెనీ పేరు అనవసరం. ఆఫీసు ఆరు కిలోమీటర్లు. రోజుకి రెండుసార్లు, అంతే. ఐదో నెలలో డాష్‌బోర్డు మీద గొట్టంలో చుక్కలున్న బొమ్మతో ఒక పసుపు లైటు వచ్చింది. బండి మామూలుగానే నడుస్తోంది కదా అని పది రోజులు వదిలేశాను. ఒకరోజు ఇంజిన్ ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ తీశాను. తగ్గి ఉంటుందనుకున్నాను, పై గీత దాటి వేలెడు పైన ఉంది. వేళ్ల మధ్య రాసి చూస్తే నీళ్లలా పలచగా జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. మర్నాటికి బండి బలం తగ్గించుకుని పాకడం మొదలెట్టింది.

ఇది ఎందుకు జరిగిందో ఎవరైనా వివరంగా రాస్తే కొత్తవాళ్లకి మేలు.

స్పానర్

నేను రాస్తాను. దీని గురించి బండి అమ్మేటప్పుడే చెప్పాలి, చాలామంది చెప్పరు, అదే నా కోపం.

పొగలో మసిని పట్టడానికి డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది నిండుతుంది. నిండితే కాల్చి బూడిద చేయాలి. హైవే మీద పొగ వేడికి కొంత తనంతట తానే కాలుతుంది. అలా కాలకపోతే ఇంజిన్ అదనంగా డీజిల్ పోసి ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. దాన్నే రీజెన్ అంటాం. పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరు కిలోమీటర్లలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కడమే కష్టం. మొదలైన రీజెన్ మధ్యలో ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ ఆగుతుంది. చాలా ఇంజిన్లలో ఆ అదనపు డీజిల్ సిలిండర్‌లోనే పోస్తారు కాబట్టి కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. చిన్నదారి గారి డిప్‌స్టిక్ మీద కనబడింది అదే. ఆ పలచని ఆయిల్‌తో తిరిగితే టర్బో బేరింగు నుంచి మొదలుపెట్టి అన్నీ అరిగిపోతాయి.

రీజెన్ నడుస్తోందని ఎలా తెలుస్తుంది? నిలబడి ఉన్నప్పుడు ఆర్‌పీఎం మామూలుకన్నా కొంచెం పైన ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్‌ని తనంతట తానే ఆపే స్టార్ట్-స్టాప్ పనిచేయదు. మైలేజీ మీటరు పడిపోతుంది. ఆపేస్తే రేడియేటర్ ఫ్యాన్ హోరెత్తుతుంది, కాలిన వాసన వస్తుంది. అవి కనబడితే ఇంటి ముందు ఆపేయకండి. 2,000 పైన ముల్లు ఉంచి పావుగంట తిప్పి రండి. వారానికి ఒకసారైనా బండి వేడెక్కాక అరగంట హైవే చూపించండి. అది కుదరని జీవితమైతే పెట్రోల్‌పక్షం గారి మాట వినండి, నేను కూడా అదే చెప్తాను. లైటు వచ్చాక వదిలేస్తే మాత్రం ఎవరూ కాపాడలేరు. పొగ నిబంధనలు ఊరికే రాలేదు. ఫిల్టర్ పీకేయించుకునేవాళ్లు నా దగ్గరికి వస్తే నేను చేయను. ఆ మసి పీల్చేది మన పిల్లలే.

పెట్రోల్‌పక్షం

@స్పానర్ గారికి కృతజ్ఞతలు. నాలుగేళ్ల క్రితం ఇది ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది. నాది కూడా చిన్న దూరాల కేసే. డీజిల్ మీద నా కోపంలో సగం నా తిరుగుడు వల్ల వచ్చిందే, దాన్ని ఒప్పుకుంటాను. అయినా చప్పుడు మాట వెనక్కి తీసుకోను.

లెక్కలమాస్టారు

చప్పుడు గురించి ఒక ముచ్చట, చర్చకి కొద్దిగా పక్కకి. డీజిల్ టకటక అంటే స్పార్కు లేకుండా కుదింపు వేడికే ఇంధనం ఒక్కసారిగా అంటుకునే చప్పుడు. 1997 లో ఆల్ఫా రోమియో 156 తో కామన్ రైల్ (ఇంధనాన్ని ఎక్కువ ఒత్తిడితో అన్ని సిలిండర్లకీ అందించే ఒకే గొట్టం) కార్లలోకి వచ్చాక, ముందు ఒక చుక్క పోసి మంటని మెల్లగా మొదలుపెట్టి, తర్వాత అసలు ఇంధనం పోయడం సాధ్యమైంది. టకటక అక్కడే చాలా తగ్గింది. మాజ్దా వాళ్లు 1.5 లీటర్ల డీజిల్‌కి ఇంకో అడుగు వేశారు, పిస్టన్ పిన్ను లోపల ఖాళీలో చిన్న డ్యాంపర్ దూర్చి ఆ కంపనాన్ని అక్కడే మింగించారు. కంపెనీలు ఇంత కష్టపడిన చప్పుడు అది. పొద్దున్న మొదటి రెండు నిమిషాలు ఎలాగూ వినబడుతుంది. ఆ రెండు నిమిషాలూ పెడల్ మెత్తగా తొక్కితే మనకీ ఇంజిన్‌కీ కూడా మంచిదే.

కొత్తచక్రం

ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. 2,860 కిలోమీటర్లు అయింది. మొన్న కొండెక్కి వచ్చాం. ఇంట్లోవాళ్లం నలుగురం, డిక్కీ నిండా సామాను.

ముందు ఆ మలుపు సంగతి. ఇప్పుడు 12 మీద మొదటి గేరు వేసి, మూడో వంతు తొక్కి, అక్కడే ఆపుతున్నాను. బండి ఏ తోపూ లేకుండా నడకలా సాగిపోతోంది. అమ్మ అదే సీట్లో కూర్చుంది, చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఘాట్‌లో ఎక్కేటప్పుడు మూడో గేరు, 2,000 నుంచి 2,600 మధ్యే అంతా అయిపోయింది. హెయిర్‌పిన్లలో రెండు. పాత బండిలో ఏసీ ఆపి, కిటికీలు దించి, ఇంజిన్ అరుస్తుంటే ఎక్కిన రోడ్డు ఇది. దిగేటప్పుడు మొదట కావాలనే మూడులో ఒక మలుపు దిగి చూశాను. @ఘాట్‌రోడ్డు అన్న చెప్పింది నిజం, బండి పట్టు లేకుండా జారుతున్నట్టే వెళ్లింది. రెండు వేయగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు ఆగింది. కిందికి వచ్చాక చక్రాల దగ్గర వాసన చూశాను, ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నలుగురితో, సామానుతో ఉన్నప్పుడు 1,700 దగ్గర కూడా కొద్దిగా మందంగా అనిపించింది. మలుపుల్లో వెనక భాగం తేలిపోతున్నట్టు ఉంది. స్టీరింగ్ తేలికైంది. రాత్రి తిరిగి వస్తుంటే ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొట్టారు, నేను డిమ్‌లోనే ఉన్నా సరే.

మూడోగేరు

బరువుతో ఉన్నప్పుడు 1,700 కాదు, 1,900, 2,000 అనుకోండి. ప్రతి గేరూ ఐదు కిలోమీటర్లు ఆలస్యంగా మార్చండి. టార్క్ అంతే ఉంది, అది లాగాల్సిన బరువు పెరిగింది.

మిగతావన్నీ ఒకే కారణం. డిక్కీ బరువుకి వెనక కుంగి ముక్కు పైకి లేచింది. ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికైంది. హెడ్‌లైట్లు పైకి చూశాయి. డాష్‌బోర్డు ఎడమనో కుడినో 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, లైట్లని దించడానికి. బరువుంటే 2 కి పెట్టండి. వెనక తేలడానికి కారణం చాలావరకు టైర్లలో గాలి చాలకపోవడం. డ్రైవర్ తలుపు తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది. ఇద్దరికి వేరే అంకె, నిండు బరువుకి వేరే అంకె. వెనక టైర్లకి ఎంత కొట్టించారు?

కొత్తచక్రం

ఇప్పుడే టార్చ్ వేసి చూశాను. నిండు బరువుకి వెనక టైర్లకి 36 అని ఉంది. నేను 31 తోనే కొండెక్కి దిగాను. లైట్ల చక్రం స్టీరింగ్ వెనక మూలలో దొరికింది, ఇన్నాళ్లూ సున్నా మీదే ఉంది. శనివారం మళ్లీ నలుగురం బయల్దేరుతున్నాం. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించి, అప్పుడు సామాను ఎక్కిస్తాను.